రోలండ్ హిల్

సర్ రోలండ్ హిల్ (డిసెంబరు 3, 1795 - ఆగష్టు 27, 1879) ఆంగ్లేయ విద్యావేత్త, తపాలా సంస్కర్త. దూరంతో నిమిత్తం లేకుండా దేశమంతటా ఒకే తపాలా రుసుము ఉండాలని, ఆ రుసుమును ఉత్తరం వ్రాసినవారే ముందుగా చెల్లించాలని ప్రతిపాదించి, దానిని అమలు చేయించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. వెనుక జిగురు పూసి ఉత్తరంపై అంటించే తపాలా బిళ్ళ 1840 మే నెలలో బ్రిటన్‌లో వెలువడింది. అది ఈయన పథకంలో భాగమే అయినా, అందులో మొదట చిన్న భాగం మాత్రమే. హిల్ ఎక్కువగా ఆశలు పెట్టుకున్నది ముద్రిత కవరు మీద. ప్రజలు ఆ కవరును నవ్వులపాలు చేసి, జిగురు బిళ్ళను స్వీకరించారు. ఈ పద్ధతి 1854లో బ్రిటిషిండియాకు, 1869లో నిజాం రాజ్యానికి చేరి, వరంగల్ ప్రాంతంలోని వర్ధన్నపేట వంటి ఊళ్ళ ఉత్తరాలకు కూడా వర్తించింది.

బాల్యము, విద్య

రోలండ్ హిల్ ఇంగ్లాండులోని వుస్టర్‌షైర్‌కు చెందిన కిడ్డర్‌మిన్‌స్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ రైట్ హిల్, తల్లి సారా లీ. వీరి సంతానంలో ఇతడు మూడవ కుమారుడు. తండ్రికి గణితం, ఖగోళం, యంత్రాలు అన్నింటిపైనా ఆసక్తి ఉండేది కాని ధనం ఉండేది కాదు. ఆయన బర్మింగ్‌హాంలో హిల్ టాప్ అనే పాఠశాలను నడిపాడు. రోలండ్ పన్నెండవ ఏటనే అదే పాఠశాలలో చదువుకొంటూ తోటి పిల్లలకు పాఠాలు చెప్పసాగాడు. ఇంటి లెక్కల బాధ్యత కూడా చిన్న వయసులోనే ఇతనిపై పడింది. అప్పు అంటే భయం, లెక్క అంటే గురి ఇతనికి అప్పుడే ఏర్పడ్డాయి. తరువాత తపాలా శాఖను ఇతడు పరిశీలించిన తీరులో ఈ అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది.

హేజల్‌వుడ్ పాఠశాల

1819లో హిల్ కుటుంబం బర్మింగ్‌హాం సమీపాన ఎడ్జ్‌బాస్టన్‌లో హేజల్‌వుడ్ అనే కొత్త పాఠశాలను స్థాపించింది. భవనానికి రూపకల్పన చేసినది రోలండే. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల, ఈత కొలను వంటివి ఆ కాలపు పాఠశాలలలో అరుదు. అవి ఇక్కడ ఉండేవి. అంతకంటే విశేషం పాలనా విధానం. విద్యార్థులు తమలో తామే ప్రతినిధులను ఎన్నుకొని నియమాలు ఏర్పరచుకొనేవారు, తప్పు చేసినవారిని విద్యార్థుల న్యాయసభే విచారించేది. బెత్తం దెబ్బలకు చోటు లేదు. గంట కొట్టిన క్షణానికి ప్రతివారూ తమ స్థానంలో ఉండవలసినదే. స్వేచ్ఛ, కాలనియమం రెండూ కలిసిన ఈ పద్ధతిని వివరిస్తూ 1822లో అన్నదమ్ములు వెలువరించిన పుస్తకం విద్యావేత్తల దృష్టిని ఆకర్షించింది. అన్న మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ న్యాయవాదిగా, తరువాత పార్లమెంటు సభ్యునిగా రాణించాడు.

1827లో పాఠశాలను లండన్ సమీపంలోని టాటెన్‌హాం వద్ద బ్రూస్ కాసిల్ అనే పాత భవనానికి విస్తరించారు. అదే సంవత్సరం రోలండ్ కారొలిన్ పియర్సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు. ఎడతెగని శ్రమ వలన ఆరోగ్యం దెబ్బతిని 1830లలో ఇతడు బోధనా వృత్తిని విడిచిపెట్టాడు. కొంతకాలం దక్షిణ ఆస్ట్రేలియా వలస సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. కాగితపు చుట్టతో ఆగకుండా అచ్చువేసే చక్రపు ముద్రణ యంత్రాన్ని రూపొందించి 1835లో పేటెంటు పొందాడు. అది వ్యాపారపరంగా ఫలించలేదు.

అప్పటి తపాలా పద్ధతి

ఆ కాలంలో బ్రిటన్‌లో ఉత్తరానికి రుసుము రెండు విషయాలపై ఆధారపడేది. ఒకటి దూరం, రెండవది కాగితాల సంఖ్య. కవరులో పెడితే ఆ కవరును కూడా మరొక కాగితంగా లెక్కించి రెట్టింపు వసూలు చేసేవారు. అందువలన చాలామంది కాగితాన్నే మడిచి, లక్కముద్ర వేసి, దాని వెనుకనే చిరునామా వ్రాసేవారు. లండన్ నుండి ఎడిన్‌బరోకు ఒక్క కాగితపు ఉత్తరానికి పదమూడున్నర పెన్నీలు అయ్యేవి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను అన్న లెక్కను గుర్తుంచుకొంటే, అది కూలివాని ఒక రోజు సంపాదనలో పెద్ద భాగమని తెలుస్తుంది.

ఈ రుసుమును సాధారణంగా ఉత్తరం అందుకొనేవారే చెల్లించేవారు. తపాలా బంట్రోతు ఇంటింటి ముందు నిలిచి, లెక్క చెప్పి, చిల్లర తీసుకొని కదలవలసి వచ్చేది. డబ్బు లేనివారు పట్నంలో పనిచేస్తున్న బిడ్డ వ్రాసిన ఉత్తరాన్ని సైతం చూసి తిప్పి పంపేవారు. తిరిగి వచ్చిన ఉత్తరానికి అయిన ఖర్చు శాఖకు నష్టం. మరోవైపు పార్లమెంటు సభ్యులు తమ సంతకంతో ఉచితంగా ఉత్తరాలు పంపుకోగలిగేవారు. వారి స్నేహితులు, బంధువులు కూడా ఆ సంతకాలను వాడుకొనేవారు. అంటే ధనికుల ఉత్తరాల భారం కూడా పేదలపైనే పడేది. బండివాళ్ళ చేత, ప్రయాణికుల చేత దొంగచాటుగా ఉత్తరాలు పంపడం సర్వసాధారణమైపోయింది.

ఈ సందర్భంలో ఒక కథ విరివిగా ప్రచారంలో ఉంది. ఒక యువతి ఉత్తరాన్ని చేతిలోకి తీసుకొని చూసి, డబ్బు లేదని తిరిగి ఇచ్చివేసిందనీ, జాలిపడి రుసుము చెల్లించిన పెద్దమనిషికి లోపల ఖాళీ కాగితమే కనిపించిందనీ, పైన వేసిన గుర్తుల ద్వారానే క్షేమ సమాచారం అందేదని ఆమె చెప్పిందనీ ఆ కథ. ఆ పెద్దమనిషి రోలండ్ హిల్ అని చాలా పుస్తకాలు చెబుతాయి. అది పొరపాటు. ఆ అనుభవం కవి కోల్‌రిడ్జ్‌ది. హిల్ దానిని తన రచనలో ఉదాహరణగా పేర్కొన్నాడు, అంతే. హిల్‌ను సంస్కరణవైపు నడిపినది ఒక సంఘటన కాదు, అంకెలు.

తపాలా సంస్కరణ ప్రతిపాదన

స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ వాలెస్ అనే పార్లమెంటు సభ్యుడు అప్పటికే తపాలా శాఖ లోపాలపై పోరాడుతున్నాడు. ఆయన హిల్‌కు ప్రభుత్వ నివేదికలు, లెక్కల పుస్తకాలు బండిలో పంపించాడు. వాటి బరువు పాతిక కిలోల వరకు ఉండేదట. తపాలా ఉద్యోగి కాని హిల్ ఆ కాగితాలలోనుండి ఒక్కొక్క ఖర్చునూ విడదీసి చూశాడు. లండన్ నుండి ఎడిన్‌బరోకు తపాలా బండి ఒకసారి వెళ్ళడానికి అయ్యే ఖర్చును అందులోని ఉత్తరాలకు పంచి చూస్తే, ఒక్కొక్క ఉత్తరానికి పెన్నీలో ముప్పై ఆరవ వంతు మాత్రమే పడింది. అంటే పదమూడున్నర పెన్నీలు తీసుకొని చేస్తున్న అసలు రవాణా ఖర్చు లెక్కకు రానంత స్వల్పం. ఖర్చంతా ఉత్తరాలను దూరం ప్రకారం లెక్కకట్టడంలో, పద్దులు వ్రాయడంలో, గుమ్మం ముందు డబ్బు వసూలు చేయడంలో ఉంది.

ఈ ఒక్క లెక్కనుండి మిగిలినదంతా వచ్చింది. దూరం వలన ఖర్చు దాదాపు మారనప్పుడు రుసుము మారవలసిన అవసరం లేదు. అందరికీ ఒకే రుసుము ఉంటే లెక్కకట్టే పని ఉండదు. ముందుగానే చెల్లిస్తే వసూలు చేసే పని ఉండదు. రుసుము తగ్గితే ఉత్తరాలు పెరుగుతాయి. అర ఔన్సు, అనగా సుమారు 14 గ్రాముల వరకు బరువున్న ఉత్తరానికి దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీ చాలునని హిల్ తేల్చాడు. ఈ వాదనను 1837 జనవరిలో ఒక చిన్న పుస్తకంగా ముద్రించి మొదట ప్రభుత్వానికి సమర్పించాడు, తరువాత ప్రజలకు విడుదల చేశాడు.

జిగురు బిళ్ళ ఆలోచన

ముందుగా చెల్లించినట్లు గుర్తు ఏమిటన్నది అప్పుడు ఎదురైన ప్రశ్న. వార్తాపత్రికలను ముద్ర వేసిన కాగితపు చుట్టలో పంపవచ్చని ప్రచురణకర్త చార్లెస్ నైట్ అంతకు ముందే సూచించి ఉన్నాడు. హిల్ దానినే ఉత్తరాలకు అన్వయించి, విలువ ముద్రించిన కాగితాలు, కవర్లు అమ్మాలని తలపెట్టాడు. అందులోని చిక్కు ఒకటి 1837 ఫిబ్రవరి 13న తపాలా విచారణ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చే సమయంలో చర్చకు వచ్చింది. వ్రాయడం రాని ఒక పనిమనిషి, యజమాని వ్రాసి ఇచ్చిన ముద్ర లేని ఉత్తరాన్ని తపాలా కార్యాలయానికి తెచ్చిందనుకోండి. ఆమె ముద్రిత కవరు కొని అందులో ఉత్తరం పెట్టినా, దానిపై చిరునామా తిరిగి వ్రాయలేదు. ఇటువంటివారి కొరకు, ముద్ర పట్టేంత చిన్న కాగితపు ముక్కకు వెనుక జిగురు పూసి ఇస్తే, కొద్దిగా తడిచేసి ఉత్తరంపై అంటించుకొనవచ్చునని హిల్ చెప్పాడు.

తపాలా బిళ్ళ చరిత్రలో ఈ విషయం అంతగా ప్రస్తావనకు రాదు. కాని గమనించదగినది. ప్రపంచమంతటా వ్యాపించిన ఈ వస్తువును ఒక అక్షరం రాని మనిషి ఇబ్బందిని తీర్చడానికి మినహాయింపుగా ప్రతిపాదించారు.

వ్యతిరేకత, విజయం

తపాలా శాఖ అధిపతి లార్డ్ లిచ్‌ఫీల్డ్ ఈ పథకాన్ని తాను విన్న వింత ఆలోచనలన్నిటిలోకి విపరీతమైనదిగా ప్రభువుల సభలో వర్ణించాడు. శాఖ కార్యదర్శి కల్నల్ మేబర్లీ ఆదాయం కూలిపోతుందని హెచ్చరించాడు. ఉత్తరాలు అన్ని రెట్లు పెరిగితే కార్యాలయాల గోడలు చాలవన్న అభ్యంతరం కూడా వచ్చింది. అయితే లండన్ వర్తకులు ఒక సంఘంగా ఏర్పడి ప్రచారం చేపట్టారు. హెన్రీ కోల్ అనే యువకుడు ఈ ప్రచారానికి ముందుండి నడిచాడు. వాలెస్ అధ్యక్షతన పార్లమెంటు సంఘం వర్తకులను, కార్మికులను, వైద్యులను పిలిచి సాక్ష్యాలు తీసుకొంది. దేశం నలుమూలల నుండి విజ్ఞప్తులు వచ్చిపడ్డాయి. 1839 ఆగష్టు 17న తపాలా చట్టానికి రాజముద్ర లభించింది.

పథకాన్ని అమలు పరచడానికి హిల్‌ను తపాలా శాఖలో కాక ఆర్థిక శాఖలో తాత్కాలికంగా నియమించారు. ఈ ఏర్పాటు వలన పని చేయవలసినవారు ఒకచోట, చేయించవలసినవాడు మరొకచోట అయ్యారు. తరువాతి కలహాలకు బీజం ఇక్కడే పడింది. బిళ్ళలకు, కవర్లకు నమూనాలు కోరుతూ ప్రకటించిన పోటీకి 2,600కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. నలుగురికి బహుమతులిచ్చారు కాని ఏ ఒక్కదానినీ ఉన్నది ఉన్నట్లు వాడలేదు.

1840 జనవరి 10న ఏకరూప పెన్నీ తపాలా అమలులోకి వచ్చింది. అదే రోజుతో పార్లమెంటు సభ్యుల ఉచిత ఉత్తరాల హక్కు రద్దయింది. విక్టోరియా రాణి కూడా తన హక్కును వదులుకొంది. ఆనాటికి బిళ్ళలు సిద్ధం కాలేదు, రుసుమును నాణేలతోనే తీసుకొన్నారు. ముందుగా చెల్లించని ఉత్తరానికి రెండు పెన్నీలు పడేవి.

పెన్నీ బ్లాక్, మల్‌రెడీ కవరు

బిళ్ళపై రాణి ముఖచిత్రాన్నే ఎన్నుకోవడానికి కారణం అలంకారం కాదు. తెలిసిన ముఖంలో చిన్న మార్పు జరిగినా కంటికి వెంటనే తెలుస్తుంది కనుక దొంగ ముద్రణ కష్టమని హిల్ భావించాడు. విలియం వైయన్ చెక్కిన పతకంలోని రాణి రూపాన్ని హెన్రీ కార్బోల్డ్ చిత్రించగా, చార్లెస్ హీత్, ఆయన కుమారుడు ఫ్రెడరిక్ హీత్ ఉక్కు ఫలకంపై చెక్కారు. పర్కిన్స్, బేకన్ అండ్ పెచ్ సంస్థ ముద్రించింది. ఒక్కొక్క కాగితంపై వరుసకు 12 చొప్పున 20 వరుసలు, మొత్తం 240 బిళ్ళలు ఉండేవి. 240 పెన్నీలు ఒక పౌను కనుక కాగితం మొత్తం విలువ సరిగ్గా ఒక పౌను. గుమస్తాకు లెక్క తప్పే వీలు లేదు.

బిళ్ళ వెనుక జిగురును బంగాళాదుంప పిండి, గోధుమ పిండి, తుమ్మజాతి బంక కలిపి తయారుచేశారు. బిళ్ళల మధ్య చిల్లులు లేవు, కత్తెరతో కత్తిరించుకోవలసిందే. హెన్రీ ఆర్చర్ రూపొందించిన చిల్లుల యంత్రం హక్కులను ప్రభుత్వం కొన్నది 1853లో. నాలుకతో తడిపి అంటించడమంటే రాణిగారి వీపును నాకడమేనని ఆనాటి హాస్యగాళ్ళు ఎగతాళి చేశారు. ఎంగిలి పట్టింపు గల మన ఇళ్ళలో తపాలా బిళ్ళకు నీటిచుక్కనో, తపాలా కార్యాలయపు బల్లపై ఉండే జిగురునో వాడడం పరిపాటి అయింది.

బిళ్ళలు, కవర్లు రెండింటినీ మే 1న అమ్మకానికి పెట్టి, మే 6 నుండి చెల్లుబాటు చేశారు. కవరుపై చిత్రాన్ని ప్రముఖ చిత్రకారుడు విలియం మల్‌రెడీ గీశాడు. మధ్యలో బ్రిటానియా దేవత, ఆమె పాదాల వద్ద సింహం, ఆమె చేతులు చాచి నలుదిక్కులకూ దూతలను పంపుతుండగా ఏనుగులు, ఒంటెలు, ఓడలు, ఉత్తరం చదువుకొంటున్న కుటుంబాలు. హిల్‌కు ఇది ఎంతో నచ్చింది. జనానికి మాత్రం ఒక్క పెన్నీ కవరుపై ఇంత ఆడంబరం హాస్యాస్పదంగా తోచింది. వ్యంగ్య చిత్రకారులు పోటీలు పడి దానికి వికటానుకరణలు ముద్రించి అమ్మారు. వాటిలో కొన్ని అసలు కవర్లకంటే బాగా అమ్ముడుపోయాయని చెబుతారు. మే 12 నాటికే ఈ చిత్రాన్ని మార్చవలసి వస్తుందని హిల్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. కొద్ది నెలలలో కవర్లను ఉపసంహరించారు. మిగిలిపోయిన లక్షలాది కవర్లను నాశనం చేయడానికి ప్రత్యేకంగా యంత్రాన్ని వాడవలసి వచ్చింది.

బిళ్ళకు కూడా ఒక లోపం బయటపడింది. నల్లని బిళ్ళపై ఎర్రని సిరాతో కొట్టిన ముద్రను కడిగి, బిళ్ళను మరల వాడడం సాధ్యమైంది. అందుకని 1841 ఫిబ్రవరిలో బిళ్ళను ఎరుపు చేసి, ముద్రను నలుపు చేశారు. అప్పటికి సుమారు 6 కోట్ల 80 లక్షల పెన్నీ బ్లాక్‌లు ముద్రించబడ్డాయి. అందువలన అది మొదటి బిళ్ళయే కాని, అనుకొన్నంత అరుదైన బిళ్ళ కాదు.

ఫలితాలు

1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలుగా ఉన్న ఉత్తరాల సంఖ్య 1840లో దాదాపు 16 కోట్ల 90 లక్షలకు చేరింది. 1850లో అది సుమారు 34 కోట్ల 70 లక్షలు. ఆదాయం విషయంలో మాత్రం హిల్ అంచనా తప్పింది. నికరాదాయం సంవత్సరానికి 16 లక్షల పౌన్ల నుండి సుమారు 5 లక్షలకు పడిపోయి, పూర్వ స్థాయికి చేరడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. శాఖలోని ప్రత్యర్థుల హెచ్చరిక ఆ మేరకు నిజమే. హిల్ అభిమానులు వ్రాసిన జీవితచరిత్రలలో ఈ సంగతి తేలికగా దాటవేయబడింది.

పదవి నుండి తొలగింపు, రైల్వే ఉద్యోగం

1841లో ప్రభుత్వం మారి రాబర్ట్ పీల్ ప్రధాని అయ్యాడు. పథకంలోని మిగిలిన భాగాలు అమలు కాకముందే 1842లో హిల్ సేవలు చాలునని ప్రభుత్వం తెలియజేసింది. జీతం లేకుండానైనా కొనసాగుతానని ఇతడు కోరినా ఫలితం లేకపోయింది. 1843 నుండి 1846 వరకు లండన్ - బ్రైటన్ రైల్వే సంస్థలో డైరెక్టరుగా, అధ్యక్షునిగా పనిచేశాడు. ఛార్జీలు తగ్గించి, వేగపు బండ్లను, సెలవు రోజుల విహార బండ్లను ప్రవేశపెట్టాడు. తగ్గిన ధర వాడకాన్ని పెంచుతుందన్న తన సూత్రాన్ని ఇక్కడా వర్తింపజేశాడు. ఈ లోపల ప్రజలు చందాలు వేసుకొని 13,000 పౌన్లకు పైగా మొత్తాన్ని ఇతనికి బహూకరించారు.

తపాలా శాఖలో

1846లో ప్రభుత్వం మరల మారడంతో హిల్‌ను తపాలా శాఖాధిపతికి కార్యదర్శిగా నియమించారు. అయితే శాఖ కార్యదర్శి పదవిలో పాత ప్రత్యర్థి మేబర్లీయే ఉన్నాడు. ఒకే కార్యాలయంలో ఇద్దరు కార్యదర్శులు ఎనిమిది సంవత్సరాలు పరస్పరం తప్పుపట్టుకొంటూ గడిపారు. 1854లో మేబర్లీని వేరొక శాఖకు పంపిన తరువాతనే పూర్తి అధికారం హిల్ చేతికి వచ్చింది. లండన్‌ను తపాలా మండలాలుగా విభజించడం, పుస్తకాలను తక్కువ రుసుముతో పంపే సౌకర్యం వంటివి ఇతని కాలంలో జరిగాయి.

హిల్ స్వభావం సులభమైనది కాదు. తన పథకంలో అక్షరం మారినా సహించేవాడు కాదు. విమర్శను వ్యక్తిగత శత్రుత్వంగా తీసుకొనేవాడు. తమ్ముడు ఫ్రెడరిక్‌ను తపాలా శాఖలో ఉన్నత పదవిలోకి తీసుకొన్నాడు. అన్న ఎడ్విన్ అప్పటికే ముద్రల శాఖలో ఉండేవాడు. దానిపై గుసగుసలు నడిచాయి. అదే శాఖలో పనిచేసిన నవలాకారుడు ఆంథోనీ ట్రోలప్‌కు హిల్ అంటే ఏమాత్రం గిట్టేది కాదు. మనుషులను అర్థం చేసుకోలేని లెక్కల మనిషిగా ఆయన హిల్‌ను తలచాడు. హేజల్‌వుడ్‌లో పిల్లలకు స్వపరిపాలన నేర్పినవాడు పెద్దల కార్యాలయంలో నిరంకుశుడనిపించుకోవడం విచిత్రం.

1857లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1860లో సర్ బిరుదు లభించాయి. తపాలా శాఖాధిపతి లార్డ్ స్టాన్లీతో పొసగక, ఆరోగ్యమూ సహకరించక 1864లో పదవీ విరమణ చేశాడు. పార్లమెంటు ఇతనికి 20,000 పౌన్లు మంజూరు చేసింది.

ఆవిష్కరణ వివాదం

జిగురు బిళ్ళ ఆవిష్కర్త హిల్ కాదనీ, స్కాట్లాండులోని డండీ పట్టణపు పుస్తక విక్రేత జేమ్స్ చామర్స్ అనీ ఆయన కుమారుడు పాట్రిక్ చామర్స్ తరువాత కాలంలో తీవ్రంగా వాదించాడు. తన తండ్రి 1834లోనే నమూనాలు తయారుచేశాడని ఆయన అన్నాడు. అయితే జేమ్స్ చామర్స్ పంపిన వ్రాతపూర్వక ప్రతిపాదనలలో లభిస్తున్నవి 1837 చివర, 1838 ఆరంభం నాటివి. హిల్ సాక్ష్యం వీటికి ముందుది. జేమ్స్ చామర్స్ స్వయంగా హిల్ ప్రాధాన్యతను అంగీకరించాడు కూడా. ఇరువురూ ఒకే ఆలోచనకు వేర్వేరుగా చేరుకొని ఉండవచ్చు. ఆస్ట్రియా సామ్రాజ్యంలోని స్లొవేనియాకు చెందిన లోవ్రెంక్ కోషిర్ పేరు కూడా ఈ వివాదంలో వినిపిస్తుంది. ఏమైనా, ఆలోచనను దేశమంతటి ఆచరణగా మార్చిన ఘనత హిల్‌దే.

భారతదేశంలో, నిజాం రాజ్యంలో

బ్రిటన్ వెలుపల ఈ పద్ధతిని అనుసరించిన దేశాలలో భారతదేశం ఒకటి. 1852లో బార్టిల్ ఫ్రియర్ సింధులో ప్రవేశపెట్టిన సింధ్ డాక్ బిళ్ళలు ఆసియాలో మొదటివి. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో 1854 తపాలా చట్టం వచ్చి, అక్టోబరు 1 నుండి బ్రిటిషిండియా అంతటా ఒకే రుసుము అమలైంది. పావు తులం బరువు గల ఉత్తరం ఎంత దూరమైనా అర అణాకు వెళ్ళేది. ముందుగా చెల్లించకపోతే రెట్టింపు. తెలుగువారు బేరింగు ఉత్తరం అని పిలిచేది దీనినే. అందుకొనేవారు చెల్లించే పాత పద్ధతికి అది మిగిలిన ఆనవాలు.

వర్ధన్నపేట నేటి వరంగల్ జిల్లాలో, వరంగల్ నుండి ఖమ్మం వెళ్ళే దారిలో ఉంది. ఇది అప్పుడు నిజాం రాజ్యంలోని ఊరు కనుక ఇక్కడ 1854 చట్టం వర్తించలేదు. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో హైదరాబాదు రాజ్యం తన తొలి తపాలా బిళ్ళను ఒక అణా విలువతో విడుదల చేసింది. నిజాం బిళ్ళలపై విలువను ఉర్దూ, ఆంగ్లం, మరాఠీలతో పాటు తెలుగులోనూ ముద్రించేవారు. కాని నిజాం బిళ్ళ ఆ రాజ్యపు ఎల్లలలోపల మాత్రమే చెల్లేది. వర్ధన్నపేట నుండి బీదరుకు వెళ్ళే ఉత్తరానికి అది సరిపోయేది, అంతకంటే దగ్గరనున్న బెజవాడకు సరిపోయేది కాదు. సరిహద్దు ఆవల బ్రిటిషిండియా రుసుము వేరు. దూరాన్ని లెక్కలోనుండి తీసివేసిన హిల్ పద్ధతి రాజ్యాల గీతను తీసివేయలేకపోయింది. వరంగల్ కోటలోని కాకతీయ తోరణం చిత్రంతో 1940లలో ఒక నిజాం బిళ్ళ వచ్చింది. 1950లో హైదరాబాదు తపాలా భారత తపాలా శాఖలో విలీనమైన తరువాత ఈ తేడా పోయింది.

బిళ్ళలు అంటించే చేతి పరికరాలు

హిల్ ఊహించినది ఒక మనిషి, ఒక ఉత్తరం, ఒక బిళ్ళ. వ్యాపార సంస్థలు రోజుకు వేలాది కవర్లు పంపడం మొదలైన తరువాత ఒక్కొక్క బిళ్ళనూ చించి, తడిపి, అంటించడం పెద్ద పని అయింది. దీనికి పరిష్కారంగా పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో చేతితో పట్టుకొని వాడే పరికరాలు వచ్చాయి. వీటికి బిళ్ళలు కాగితాలుగా కాక పొడవైన చుట్టగా కావాలి. అమెరికా తపాలా శాఖ ఇటువంటి యంత్రాల కొరకు, అమ్మకపు యంత్రాల కొరకు 1908 నుండి చుట్ట బిళ్ళలను జారీచేసింది. మల్టీపోస్ట్ పేరుతో వచ్చిన పరికరం వీటిలో బాగా వాడుకలోకి వచ్చింది.

పరికరం పిడికిట పట్టేంత ఉంటుంది. లోపల బిళ్ళల చుట్ట, ఒక చిన్న నీటి తొట్టి, తడిని అందించే ఒత్తి లేదా కుంచె, ఒక బ్లేడు ఉంటాయి. కవరుపై ఉంచి పైనుండి అదిమితే చుట్టలోని ఒక బిళ్ళ ముందుకు జరిగి, తడిసి, తెగి, కవరుకు అంటుకుంటుంది. చేయి పైకెత్తగానే స్ప్రింగు తరువాతి బిళ్ళకు పరికరాన్ని సిద్ధం చేస్తుంది. నీరు ఎక్కువైతే జిగురు కొట్టుకొనిపోతుంది, తక్కువైతే బిళ్ళ ఊడిపోతుంది. కనుక ఒత్తిని సరిచూసుకోవడమే ఇందులోని నేర్పు. వాడిన బిళ్ళలను లెక్కించే అంకెల చక్రం కొన్నిటిలో ఉండేది. కార్యాలయంలో బిళ్ళలు మాయం కాకుండా కాపాడడానికి యజమానులు దానిని ఇష్టపడేవారు. తరువాత బిళ్ళ అవసరమే లేకుండా కవరుపై నేరుగా విలువ ముద్రించే ఫ్రాంకింగ్ యంత్రాలు వచ్చి పెద్ద కార్యాలయాలలో వీటి స్థానాన్ని ఆక్రమించాయి. విలువ కవరుపైనే ముద్రితమై ఉండాలన్న హిల్ మొదటి ఆలోచన ఈ రూపంలో తిరిగివచ్చిందనవచ్చు. 1964లో సియెర్రా లియోన్ తడి అవసరం లేని, వెనుక కాగితం తీసి అంటించే బిళ్ళలను మొదటిసారిగా విడుదల చేసింది.

మరణము, స్మారకాలు

హిల్ చివరి సంవత్సరాలను లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో గడిపాడు. 1879లో లండన్ నగరం ఇతనికి పౌరసత్వ గౌరవాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం ఆగష్టు 27న మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేశారు. మరుసటి సంవత్సరం సోదరుని కుమారుడు జార్జి బర్క్‌బెక్ హిల్ సంపాదకత్వంలో ఇతని జీవితచరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. కుమార్తె ఎలినార్ స్మిత్ కూడా 1907లో ఒక జీవితచరిత్ర వ్రాసింది. బర్మింగ్‌హాం, కిడ్డర్‌మిన్‌స్టర్, లండన్ నగరాలలో ఇతని విగ్రహాలు ఉన్నాయి. బ్రూస్ కాసిల్ మ్యూజియంగా మారింది. 1979లో వర్ధంతి శతాబ్ది సందర్భంగా అనేక దేశాలు హిల్ చిత్రంతో తపాలా బిళ్ళలు విడుదల చేశాయి.